విషం తాగిన మనిషికి ఏది మేలు? మింగించే బొగ్గు, డయాలసిస్, రక్తానికి బొగ్గు ఫిల్టర్: ఒక పోలిక

పురుగుమందు తాగిన మనిషిని ఆసుపత్రికి తెచ్చిన బంధువులు ఈ మధ్య మొదట అడుగుతున్న మాట, "రక్తం శుభ్రం చేసే మిషన్ మీ దగ్గర ఉందా డాక్టర్ గారూ?" అని. లేదని తెలియగానే బండి మాట్లాడుకుని కర్నూలు నుంచి హైదరాబాదుకో, అనంతపురం నుంచి బెంగళూరుకో, కడప నుంచి తిరుపతికో బయలుదేరుతారు. ఇంట్లో మనిషి ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆ ఆత్రం సహజమే. కానీ తాగింది ఏ విషమో, తాగి ఎంతసేపయిందో తేల్చుకోకుండా మిషన్ కోసం పరుగు తీస్తే, మనిషిని నిలబెట్టగలిగిన గంటలన్నీ రోడ్డు మీదే ఖర్చయిపోతాయి.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఎక్కువ కేసుల్లో, రక్తంలో కలిసిన విషాన్ని బయటికి తీసే బొగ్గు కన్నా, రక్తంలోకి పోకముందే కడుపులో పట్టుకునే బొగ్గుకే విలువ ఎక్కువ. రక్తాన్నే శుద్ధి చేయాల్సి వచ్చినా చాలా విషాలకు మామూలు డయాలసిస్ సరిపోతుంది. హీమోపెర్ఫ్యూజన్ అనే బొగ్గు ఫిల్టర్‌తోనే తీరే అవసరాలు కొద్ది. ఆ కొద్దిలో మీ కేసు ఉందో లేదో తెలుసుకోవడానికే ఈ పోలిక.

బొగ్గు ఏం చేస్తుంది, ఏం చేయదు

మందుగా వాడే యాక్టివేటెడ్ కార్బన్ వేరు, పొయ్యిలో మిగిలే బొగ్గు వేరు. కొబ్బరి చిప్పలనో కలపనో గాలి సోకకుండా కాల్చి, తర్వాత 800 నుంచి 1,000 డిగ్రీల వేడిలో నీటి ఆవిరి పట్టిస్తారు. ఆవిరి ఆ బొగ్గును లోపలంతా తొలిచి కంటికి ఆనని రంధ్రాలు చేస్తుంది. అలా తయారైన ఒక్క గ్రాము పొడిలో లోపలి గోడల వైశాల్యమంతా కలిపితే సుమారు 1,000 చదరపు మీటర్లు, మన లెక్కలో పావు ఎకరం. విషపు అణువులు ఆ గోడలకు అంటుకుని ఉండిపోతాయి. పాఠ్యపుస్తకాల్లో అధిశోషణం అనేది దీన్నే. బొగ్గు విషాన్ని విరిచేయదు, పట్టుకుని ఉంచుతుంది, అంతే.

ఏ అణువు చిక్కుతుందన్నది రంధ్రం కొలతను బట్టి ఉంటుంది. కొబ్బరి చిప్ప బొగ్గులో 2 నానోమీటర్ల లోపు రంధ్రాలే ఎక్కువ. నిద్రమాత్రలు, మూర్ఛ మాత్రల వంటి చిన్న అణువులు వాటిలో బాగా ఇరుక్కుంటాయి. పెద్ద ప్రోటీన్లు లోపలికి దూరలేవు. వాటికి 2 నుంచి 50 నానోమీటర్ల రంధ్రాలు కావాలి. అలాంటి కార్బన్‌ను కృత్రిమ రెసిన్లను కాల్చి తయారుచేసే పని పరిశోధనశాలల్లో చాలాకాలంగా సాగుతోంది.

కొన్నింటిని బొగ్గు పట్టుకోనే పట్టుకోదు. సారాలోని ఆల్కహాల్, కల్తీ సారాలోని మిథనాల్, లిథియం, ఐరన్ మాత్రలు, యాసిడ్లు, బాత్రూం కడిగే క్షారాలు, కిరోసిన్ ఈ కోవలోకి వస్తాయి. ఇవి తాగిన మనిషికి కడుపులోకైనా, రక్తానికైనా బొగ్గు వాడటంలో అర్థం లేదు. యాసిడ్, కిరోసిన్ తాగినవారికి బొగ్గు తాగిస్తే వాంతై ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం కూడా ఉంది.

కడుపులోకి ఇచ్చే బొగ్గు

పెద్దలకు సాధారణంగా 50 గ్రాముల పొడిని నీళ్లలో చిక్కగా కలిపి తాగిస్తారు, లేదా ముక్కు గొట్టం ద్వారా పంపుతారు. పిల్లలకు కిలో బరువుకు ఒక గ్రాము. విషం మింగిన గంట లోపు ఇస్తే ఫలితం ఎక్కువ, ఆ తర్వాత తగ్గుతూ పోతుంది. నెమ్మదిగా కరిగే మాత్రలు మింగినప్పుడు మాత్రం కొంత ఆలస్యమైనా ఉపయోగం ఉంటుంది.

దూరం లెక్క ఇక్కడే వేసుకోవాలి. ఆదోని వైపు పల్లెల నుంచి కర్నూలు దాదాపు 100 కిలోమీటర్లు. నేరుగా పెద్దాసుపత్రికే వెళ్దామనుకుంటే ఆ గంట దారిలోనే దాటిపోతుంది. దగ్గర్లోని ప్రాంతీయ ఆసుపత్రిలో ముందు ఆగి, ఊపిరి సరిగా ఆడేలా చూపించుకుని, డాక్టర్ సరేనంటే బొగ్గు వేయించుకుని, అప్పుడు 108లో ముందుకు కదలడం మంచిది. ఈ మందు చవక, మిషన్ అక్కర్లేదు, ప్రత్యేక నిపుణులు అక్కర్లేదు. అయినా జనం దీన్ని చిన్నచూపు చూస్తారు. "బొగ్గునీళ్లు తాగించి పంపించేశారు" అని ఫిర్యాదు చేసేవాళ్లకు చెబుతున్నాను, సమయానికి పడిన ఆ నల్లటి నీళ్లకు సాటి రాగల ఫిల్టర్లు తక్కువ.

మత్తులో ఉన్నవారికి, మింగలేనివారికి నోటితో తాగించకూడదు. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే అదే ప్రాణాంతకం. ఇంట్లో బొగ్గు నూరి పోయడం, ఉప్పు నీళ్లు, చింతపండు పులుసు, పేడ నీళ్లు తాగించి కక్కించడం అసలే వద్దు.

కొన్ని మందులు రక్తంలో కలిశాక కూడా తిరిగి పేగుల్లోకి ఊరుతుంటాయి. అలాంటప్పుడు బొగ్గును కొన్ని గంటలకు ఒకసారి మళ్లీ మళ్లీ ఇస్తే, అది పేగుల్లోనే ఉండి రక్తంలోని విషాన్ని కూడా లాగుతుంది. ఫీనోబార్బిటాల్, కార్బమజిపిన్, డాప్సోన్, థియోఫిలిన్, క్వినైన్ మందులకు ఈ పద్ధతి పనిచేస్తుందని 1999లో అమెరికా, ఐరోపా విషవైద్య సంఘాలు కలిసి ప్రకటించాయి. సూది గుచ్చకుండానే కొంత రక్తశుద్ధి జరుగుతుందన్నమాట. మూర్ఛ మాత్రలు ఎక్కువగా మింగిన కేసుల్లో ఫిల్టర్ గురించి ఆలోచించే ముందు డాక్టర్‌తో ఈ మాట ఎత్తండి.

పచ్చగన్నేరు గింజల విషయంలో శ్రీలంకలో జరిగిన రెండు పెద్ద పరీక్షలు రెండు రకాలుగా తేలాయి. 2003లో వచ్చిన ఫలితంలో, బొగ్గు పదే పదే ఇచ్చినవారిలో మరణాలు తగ్గాయి. 2008లో నాలుగున్నర వేలమందికి పైగా రోగులతో వెలువడిన ఫలితంలో తేడా కనిపించలేదు. ఆ రెండో పరీక్షలో పురుగుమందులు తాగినవారు కూడా ఎక్కువమంది ఉన్నారు. చాలామంది గంటలు గడిచాకే ఆసుపత్రికి చేరారు. అందువల్ల బొగ్గు పనికిరాదని నేను అనను. ఆలస్యమయ్యాక దాని మీద పెద్ద ఆశ పెట్టుకోకూడదని మాత్రం అంటాను.

డయాలసిస్, బొగ్గు ఫిల్టర్: తేడా ఎక్కడ

రెండింటికీ మొదలు ఒకటే. మెడ దగ్గరో, తొడ మొదట్లోనో పెద్ద సిరలోకి రెండు దారులున్న కాథెటర్ గొట్టం వేస్తారు. పంపు నిమిషానికి 150 నుంచి 250 మిల్లీలీటర్ల రక్తాన్ని బయటికి లాగుతుంది. డయాలసిస్‌లో ఆ రక్తం సన్నని పొరల గొట్టాల్లోంచి పారుతుంటే, పొరకు అవతల పారే ద్రవంలోకి చిన్న అణువులు జారిపోతాయి. హీమోపెర్ఫ్యూజన్‌లో పొర, ద్రవం లేవు. కార్బన్ గుళికలు గాని, రెసిన్ అనే కృత్రిమ పదార్థపు పూసలు గాని నింపిన కార్ట్రిడ్జ్ గుండా రక్తమే నేరుగా పారుతుంది.

ఆ కార్ట్రిడ్జ్‌ను బిగించేటప్పుడు చూస్తే దీని లోతుపాతులు కొంత తెలుస్తాయి. టెక్నీషియన్ దాన్ని నిలువుగా పెట్టి, రక్తం కలపకముందు సెలైన్‌తో, రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్‌తో కింది నుంచి పైకి కడుగుతాడు. అరచేతితో తడుతూ బుడగలన్నీ పైకి పోయేదాకా ఆగుతాడు. లోపల గాలి మిగిలితే అక్కడ రక్తం గడ్డకట్టి కార్ట్రిడ్జ్ మూసుకుపోతుంది. రక్తం పారడం మొదలయ్యాక ప్లేట్‌లెట్లు తగ్గుతాయి, చక్కెర, కాల్షియం పడిపోవచ్చు, హెపారిన్ వల్ల రక్తస్రావం కావచ్చు. కొన్ని గంటలకు బొగ్గు నిండిపోతుంది, ఆపైన తిప్పినా ప్రయోజనం ఉండదు, కొత్తది పెట్టాలి. ఒకసారి వాడితే పారేయాల్సిన ఆ కార్ట్రిడ్జ్ ఖరీదు డయాలసిస్ ఫిల్టర్ కన్నా చాలా ఎక్కువ. పైగా బొగ్గుకు విషం, మందు అన్న తేడా తెలియదు. డాక్టర్లు ఎక్కిస్తున్న యాంటీబయాటిక్‌ను, కొన్నిసార్లు విరుగుడునూ కూడా అది లాగేస్తుంది కాబట్టి మోతాదులు మళ్లీ చూసుకోవాలి.

ఈ చికిత్స కొత్తదేమీ కాదు. 1964లో గ్రీసు వైద్యుడు యాట్జిడిస్ కిడ్నీ రోగుల రక్తాన్ని బొగ్గు గుండా పారించాడు. ఉత్త బొగ్గు కావడంతో సన్నని రేణువులు రక్తంలోకి కొట్టుకొచ్చేవి, ప్లేట్‌లెట్లు బాగా దెబ్బతినేవి. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో థామస్ చాంగ్ బొగ్గు గుళికల చుట్టూ పల్చని పొర పూసి ఆ ఇబ్బందిని చాలావరకు తగ్గించాడు. పూత వల్ల భద్రత పెరిగింది, కానీ పెద్ద అణువులు లోపలికి చేరడం కష్టమైంది. ఇప్పుడు మన దేశంలో విషం కేసులకు వాడేవి ఎక్కువగా రెసిన్ కార్ట్రిడ్జ్‌లే. వాటినీ జనం బొగ్గు ఫిల్టర్ అనే పిలుస్తుంటారు.

ఎంపికకు డాక్టర్లు చూసేవి ముఖ్యంగా మూడు. అణువు చిన్నదై, నీటిలో కరిగేదై, రక్తంలోని ప్రోటీన్లకు అంటుకోనిదైతే డయాలసిస్. ప్రోటీన్లకు గట్టిగా అంటుకునేదైతే, కొవ్వులో కరిగేదైతే కార్బన్‌కో, రెసిన్‌కో మొగ్గు. ఇక మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఆ విషం రక్తంలో ఎంత ఉంది, ఒంట్లోని కొవ్వులో, కండరాల్లో ఎంత దాక్కుంది? ఎక్కువ భాగం కణజాలంలోకి వెళ్లిపోతే రక్తాన్ని ఎంత వడపోసినా చెరువు నిండా ఉన్న నీటిని పిల్లకాలువ దగ్గర చెంబుతో తోడినట్టే ఉంటుంది. ఫిల్టర్ ఆపిన కొన్ని గంటలకు రక్తంలో విషం మళ్లీ పెరుగుతుంది.

డయాలసిస్‌కు ఇంకో బలం ఉంది. అది యూరియాను తీస్తుంది, పొటాషియాన్ని సరిచేస్తుంది, రక్తంలో పెరిగిన ఆమ్లాన్ని తగ్గిస్తుంది, ఒంట్లో చేరిన నీటిని లాగుతుంది. బొగ్గు ఇవేవీ చేయదు. విషం వల్ల కిడ్నీలు ఆగిపోయిన మనిషికి కావలసింది డయాలసిసే. మిథనాల్, లిథియం, ఆస్పిరిన్ జాతి మందులు ఎక్కువైనప్పుడు డయాలసిస్‌దే మొదటి స్థానం. ఒకప్పుడు బొగ్గు ఫిల్టర్‌కు పేరు తెచ్చిన థియోఫిలిన్, ఫీనోబార్బిటాల్ వంటి మందులకు కూడా ఇప్పటి హై ఫ్లక్స్ (పొరలో పెద్ద రంధ్రాలున్న) డయాలసిస్ ఫిల్టర్లు దాదాపు దీటుగా పనిచేస్తున్నాయి. అందుకే విషవైద్య నిపుణుల ఎక్స్‌ట్రిప్ బృందం చాలా మందుల విషయంలో డయాలసిస్‌నే ముందు పెట్టి, అది దొరకనప్పుడు హీమోపెర్ఫ్యూజన్ అంది. డయాలసిస్ యూనిట్ దగ్గర్లోనే ఉన్నప్పుడు ఫిల్టర్ కోసం రాష్ట్రం దాటనక్కర్లేదు.

మన దగ్గర ఎక్కువగా కనిపించేవి

పత్తి, మిరప, వేరుశనగ చేలల్లో కొట్టే ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులకు అసలు వైద్యం అట్రోపిన్. ప్రాలిడాక్సిమ్ కూడా వాడతారు. ఊపిరి అందకపోతే వెంటిలేటర్. ఈ మందులు కొవ్వులోకి వేగంగా వెళ్తాయి, ఫిల్టర్‌తో మరణాలు తగ్గుతాయనడానికి గట్టి ఆధారం లేదు. మంచి నర్సింగ్, వెంటిలేటర్ ఉన్న ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిని వదిలి, ఫిల్టర్ ఉందన్న ఒక్క మాట మీద ఇంకోచోటికి వెళ్లడం నాకు సమ్మతం కాదు.

గడ్డిమందు పారాక్వాట్ కథ వేరు. దీనికి విరుగుడు లేదు. తాగిన ఒకటి రెండు గంటల్లోనే రక్తంలో గరిష్ఠానికి చేరుతుంది, ఆ వెంటనే ఊపిరితిత్తుల్లో పేరుకోవడం మొదలవుతుంది. నోరు, గొంతు పూస్తాయి, రెండు మూడు రోజుల్లో కిడ్నీలు, తర్వాత ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. బొగ్గు గాని ఫుల్లర్స్ ఎర్త్ అనే ఒక రకం బంకమట్టి గాని వెంటనే కడుపులోకి వేయడం ఇక్కడ మొదటి పని. హీమోపెర్ఫ్యూజన్ వల్ల ఏమైనా మేలుంటే అది నాలుగు గంటల లోపు మొదలుపెట్టినప్పుడే. ఫిల్టర్ కోసం ఊరు కదలడానికి కారణం ఉన్న విషాల్లో ఇదొకటి, అదీ ఆ సమయానికి నిజంగా చేరగలిగితేనే. తాగిన మరుసటి రోజు లక్షలు అప్పుచేసి కార్ట్రిడ్జ్ మీద కార్ట్రిడ్జ్ పెట్టించే కుటుంబాలకు ఎవరో ఒకరు ఈ సంగతి మెల్లగా, స్పష్టంగా చెప్పాలి. ఇంకో సంగతి, పారాక్వాట్ కేసులో ఆక్సిజన్ బాగా తగ్గితే తప్ప డాక్టర్లు ఆక్సిజన్ పెట్టరు, అది ఊపిరితిత్తుల నష్టాన్ని పెంచుతుంది కనుక. దాన్ని నిర్లక్ష్యం అనుకోవద్దు.

జుట్టు రంగు తాగిన కేసులు రాయలసీమకు బాగా తెలిసినవే. అందులోని పారాఫినైలిన్‌డయమిన్ వల్ల గంటల్లోనే ముఖం, మెడ, నాలుక ఉబ్బి ఊపిరి ఆడదు. అప్పుడు కావలసింది గొంతుకు దారి చేయగల చేయి. ఆ తర్వాత కండరాలు కరిగి మూత్రం నల్లబడి కిడ్నీలు ఆగితే డయాలసిస్. బొగ్గు ఫిల్టర్ ప్రస్తావన ఇక్కడ దాదాపు అనవసరం.

ఎలుకల పేస్టు మోసకారిది. పచ్చ భాస్వరం ఉన్న పేస్టు తిన్న మనిషి మొదటి ఒకటి రెండు రోజులు బాగానే ఉన్నట్టు కనిపిస్తాడు. లేచి కూర్చున్నాడు కదా అని ఇంటికి తీసుకెళ్తారు. మూడో రోజుకు కాలేయం దెబ్బతిని కళ్లు పచ్చబడతాయి. ఈ దశలో డాక్టర్లు రక్తంలోని ప్లాస్మాను తీసేసి వేరేది ఎక్కించే ప్లాస్మా ఎక్స్ఛేంజ్ వైపు, మరీ విషమిస్తే కాలేయ మార్పిడి వైపు చూస్తారు. కాలేయం పాడైన మనిషికి బొగ్గు ఫిల్టర్ మేలు చేస్తుందన్న ఆశ ఒకప్పుడు చాలా ఉండేది. లండన్‌లోని కింగ్స్ కాలేజ్ ఆసుపత్రి వైద్యులు 1988లో ప్రచురించిన పరీక్షలో, ఫిల్టర్ పెట్టినందువల్ల బతికినవారి సంఖ్య పెరగలేదు. ఎలుకల పేస్టు తిన్నవారికి నా సలహా, పెద్ద కేంద్రానికి ముందే వెళ్లండి, కానీ ఫిల్టర్ కోసం కాదు, కాలేయ నిపుణుల కోసం.

పచ్చగన్నేరు విషం గుండె కండరంలో పాతుకుపోతుంది, ఫిల్టర్‌కు గాని డయాలసిస్‌కు గాని లొంగదు. ఈసీజీ చూస్తూ, అవసరమైతే తాత్కాలిక పేస్‌మేకర్ పెట్టగల చోట ఉండాలి. పాము కాటుకు యాంటీవీనమే మందు. రక్తపింజరి కాటు తర్వాత కిడ్నీలు ఆగితే డయాలసిస్ చేస్తారు, అది విషాన్ని తీయడానికి కాదు, కిడ్నీలు కోలుకునేదాకా మనిషిని నిలబెట్టడానికి.

ఐసీయూలో, కిడ్నీ రోగుల ఇళ్లలో

ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి ఐసీయూలో ఉన్న రోగి బంధువులకు, రక్తంలోని సైటోకైన్లను, అంటే ఇన్ఫెక్షన్ వల్ల ఒంట్లో పెరిగే వాపు రసాయనాలను, లాగే కార్ట్రిడ్జ్ పెడతామంటూ సంతకం అడుగుతుంటారు. అవి ఎక్కువగా కృత్రిమ పాలిమర్ పూసలవి. వాటితో కొన్ని పరీక్షల అంకెలు మెరుగవుతాయి, మరణాలు తగ్గుతాయని మాత్రం గట్టిగా రుజువు కాలేదు. డాక్టర్‌ను మూడు ప్రశ్నలు అడగండి. ఏ పదార్థాన్ని తీయడానికి ఇది? ఎన్ని కార్ట్రిడ్జ్‌లు పట్టవచ్చు? ఏ ఫలితం రాకపోతే ఆపేస్తారు? మూడో ప్రశ్నకు సూటిగా జవాబు వచ్చిన చోట నాకు నమ్మకం కుదురుతుంది.

వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ చేయించుకునే కిడ్నీ రోగులకు దురద తగ్గడానికి అప్పుడప్పుడు డయాలసిస్‌తో పాటు రెసిన్ కార్ట్రిడ్జ్ జోడిస్తుంటారు. అది డయాలసిస్‌కు తోడు మాత్రమే, బదులు కాదు. జపాన్‌లో 1991 నుంచి ఏఎస్‌టీ 120 అనే మింగే కార్బన్ గుళికలు వాడుకలో ఉన్నాయి. పేగుల్లోనే కొన్ని విషపదార్థాలను పట్టుకుని కిడ్నీల పతనాన్ని ఆలస్యం చేయాలన్నది ఉద్దేశం. 2015లో వెలువడిన పెద్ద అంతర్జాతీయ పరీక్షల్లో ఆ మేలు మొత్తంమీద రుజువు కాలేదు.

రక్తశుద్ధి, డిటాక్స్ అని ఫోన్లలో ప్రకటనలు వచ్చే బొగ్గు క్యాప్సూళ్లు కొనవద్దు. అవి పేగు దాటి రక్తంలోకి పోవు. థైరాయిడ్, మూర్ఛ మాత్రల వంటివి వేసుకునేవారిలో ఆ మందులనే పట్టుకుని ఒంటికి పట్టకుండా చేస్తాయి.

బండి ఎక్కే ముందు

తాగిన డబ్బాను తప్పకుండా వెంట తీసుకెళ్లండి. పెద్ద అక్షరాల్లో ఉండే కంపెనీ పేరు డాక్టర్‌కు అంతగా ఉపయోగపడదు. దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే టెక్నికల్ పేరు, శాతం కావాలి. ఒకే రంగు సీసాల్లో వేర్వేరు మందులుంటాయి. డబ్బా మీది ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ డైమండ్ గుర్తు విషపు తీవ్రతను చెబుతుంది, వైద్యాన్ని కాదు. డబ్బా దొరక్కపోతే వాంతి పడిన గుడ్డనైనా కవరులో పెట్టుకోండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం 1800 116 117 నంబరులో సలహా ఇస్తుంది. చిన్న ఆసుపత్రి డాక్టర్‌కు ఆ నంబరు చూపించడానికి మొహమాటపడకండి.

వేరే ఊరికి పంపుతామంటే ముందు అక్కడికి ఫోన్ చేయించి, కార్ట్రిడ్జ్, దాన్ని నడిపే మనిషి ఈ రాత్రికి ఉన్నారా అని కనుక్కోండి. డయాలసిస్‌కు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. ఈ కార్ట్రిడ్జ్ ఆ పథకం కిందికి వస్తుందో రాదో డబ్బు కట్టకముందే వైద్యమిత్ర డెస్కులో అడగండి. మనిషి తేరుకున్నాక, తాగడానికి కారణమైన బాధ అలాగే ఉండిపోతుంది కనుక డిశ్చార్జ్ రోజే మానసిక వైద్యుణ్ని కలవండి. టెలీమానస్ 14416కు ఏ వేళనైనా తెలుగులో మాట్లాడవచ్చు.

రిఫరల్ కాగితంలో నాలుగు వివరాలు ఉండేలా చూడండి: విషం టెక్నికల్ పేరు, తాగిన సమయం, బొగ్గు ఎంత ఇచ్చారు, ఎన్ని గంటలకు ఇచ్చారు. ఇవి లేని కాగితంతో వచ్చిన రోగికి ఫిల్టర్ పెట్టాలో వద్దో అవతలి డాక్టర్ మళ్లీ మొదటి నుంచి ఆరా తీయాల్సి వస్తుంది.